లారీకి ఒక వెలుతురు, కారుకి ఇంకొకటి: ముస్తాబైన బండిని ఫొటో తీయడానికి ఏది ఎంచుకోవాలి

కొత్తగా బాడీ కట్టించిన లారీనో, రంగు మార్పించి అలాయ్ వీల్స్ వేయించిన కారునో మంచి ఫొటో తీయాలనుకునేవాళ్ళు మొదట అడిగేది "ఏ లైటు కొనాలి?" అని. లైటు సంగతి చివర్లో చూద్దాం. ముందు బండికి రెండడుగుల దూరంలో నిలబడి దాని ఒంటి వైపు చూడండి. కనిపిస్తున్నది బండి మీద వేసిన రంగూ బొమ్మలేనా? లేక అందులో మెరుస్తున్న మీ చొక్కా, వెనక కరెంటు స్తంభం, పైన ఆకాశమా? ఏ వేళకి తీయాలి, ఎక్కడ నిలబడాలి, ఏ లెన్స్ పెట్టాలి, ఏ లైటు వాడాలి అన్నవన్నీ దీన్ని బట్టే తేలతాయి.

విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకుని బయటికొచ్చే లారీని తీసుకోండి. ఛాసిస్ కంపెనీది. మిగతాదంతా అక్కడి వెల్డర్, వడ్రంగి, టింకరింగ్ మేస్త్రి, పెయింటర్ చేతిపని. పక్క పలకలు బల్లపరుపుగా ఉంటాయి. వాటి మీద ఎనామిల్ రంగుతో తామరపూలు, నెమళ్ళు, ఓనరు పిల్లల పేర్లు, ఇష్టదైవం పేరు. దగ్గరికెళ్తే అక్షరం చివర కుంచె ఆగిన చోట రంగు కాస్త గుబ్బగా గట్టిపడి కనిపిస్తుంది. అక్షరం పక్కన నీడలా దించిన నల్లగీత ఎక్కడ లావుగా మొదలై ఎక్కడ సన్నబడిందో తెలుస్తుంది. మీరు తీస్తున్నది ఒక చిత్తరువుని. దానికి కావలసింది ఈ కొస నుంచి ఆ కొస దాకా సమానంగా పడే వెలుతురు.

కారు సంగతి వేరు. క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శకమైన పూత) వేసి పాలిష్ పట్టిన బానెట్టూ డోర్లూ వంపు తిరిగిన అద్దాలే. నల్ల కారైతే మరీను. అందులో పడే ప్రతిబింబాల అంచుల వల్లే దాని ఆకారం తెలుస్తుంది. అందుకే కారుకి ఎదురుగా ఏముందో చూసుకోవడమే సగం పని. ఎదురుగా సాఫీగా ఆకాశం ఉంటే డోరు మీద సాఫీగా ఒక గీత పరుచుకుంటుంది. తీగలు, హోర్డింగులు, చెట్ల కొమ్మలు ఉంటే అవన్నీ డోరు మీదికొచ్చి కూర్చుంటాయి.

ఈ రెండింటి మధ్య ఇంకో రకం బళ్ళున్నాయి. మ్యాట్ ర్యాప్ (మెరుపు లేని స్టిక్కర్ పొర) అంటించిన జీపు ప్రతిబింబాలు చూపించదు, కానీ మబ్బు వెలుతురులో అట్టముక్కలా చప్పబడిపోతుంది. పక్క నుంచి ఏటవాలుగా పడే వెలుగు దానికి తప్పనిసరి. మెటాలిక్ రంగులో కలిపిన సన్నటి రేకులు మెరవాలంటే ఎండ నేరుగా తగలాలి. మబ్బు రోజున ఖరీదైన మెటాలిక్ రంగుకీ మామూలు రంగుకీ తేడా కనిపించదు. రంగుకి ఎక్కువ డబ్బు పెట్టిన ఓనరు అడిగినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఏ వేళ మేలు

"ఉదయం, సాయంత్రం తీయండి, మధ్యాహ్నం వద్దు" అని అందరూ చెబుతారు. మన దగ్గర ఆ మాట నెలని బట్టి మారుతుంది. విజయవాడ ఉన్నది దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే మొదటి వారంలో, మళ్ళీ ఆగస్టు మొదట్లో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికొస్తాడు. అప్పుడు బండి పైకప్పు మండిపోతుంది, పక్కలు చీకటి, చక్రాలు నల్లటి గుంటలు. ఆ వేళ లారీనైనా కారునైనా తీయొద్దు. డిసెంబర్ చివర్లో అదే మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తుకి మించి లేవడు. లారీ పక్కని దక్షిణం వైపు తిప్పి నిలబెట్టిస్తే పలక పొడుగునా ఎండ సమానంగా పడుతుంది. సంక్రాంతి రోజుల్లో పదకొండు గంటలకి తీసిన లారీ ఫొటో, వేసవి సాయంత్రం తీసిన దానికన్నా బొమ్మల్ని స్పష్టంగా చూపించడం మామూలే.

లారీ బొమ్మలకి నా మొదటి ఓటు పల్చటి మబ్బు పట్టిన రోజుకి. ఎనామిల్ మీద తళుకు మచ్చలు రావు, రంగులు నిండుగా కనిపిస్తాయి, ఎటు తిప్పి నిలబెట్టినా ఫర్వాలేదు. రెండో ఓటు, వెనక తలుపు సూర్యుడికి ఎదురుగా ఉన్న ఉదయానికి. సాయంత్రం పసుపు ఎండని నేను మూడో స్థానంలోనే ఉంచుతాను. అది అందంగానే ఉంటుంది, కానీ పెయింటర్ వేసిన నీలాన్ని బూడిద రంగుకి తిప్పుతుంది, తెల్ల అక్షరాల్ని పసుపు చేస్తుంది. ఆ మనిషి పది రంగుల డబ్బాలు ముందు పెట్టుకుని ఏరుకున్న రంగుని మన ఫొటో మార్చేయడం నాకు నచ్చదు.

కారుకి సూర్యుడు దిగిపోయిన తర్వాతి వేళని మించింది లేదు. సూర్యుడు కనబడుతున్నంతసేపూ బానెట్ మీద ఎక్కడో ఒకచోట మిరుమిట్లు గొలిపే చుక్క ఉంటుంది. దిగిపోయాక ఆకాశం మొత్తం ఒక పెద్ద మెత్తటి లైటుగా మారుతుంది. మన ప్రాంతంలో సూర్యుడు నిటారుగా దిగుతాడు కాబట్టి ఈ సంధ్య వెలుగు త్వరగా అయిపోతుంది: ఇరవై, మహా అయితే ఇరవై అయిదు నిమిషాలు. యూరప్ వాళ్ళ వీడియోలు చూసి గంట సమయం ఉంటుందనుకోకండి. కారుని తుడవడం, నిలబెట్టడం, ట్రైపాడ్ సర్దడం, ఒక ఫ్రేము తీసి చూసుకోవడం అన్నీ సూర్యుడు ఉండగానే అయిపోవాలి.

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డు దీనికి చక్కటి చోటు. సాయంత్రం సూర్యుడు పడమటి కొండల వెనక్కి దిగిపోతాడు. సముద్రం వైపు ఆకాశం ఒక్క తీగ కూడా అడ్డు లేకుండా కింద నీలంగా, పైన గులాబీగా నిలుస్తుంది. కారు పక్కని సముద్రానికి ఎదురుగా ఉంచి, మీరు సముద్రం వైపు నిలబడండి. డోర్ల పొడుగునా దిగంతం ఒక్క గీతలా పరుచుకుంటుంది. మీరు మోకాళ్ళ మీదికి వంగితే ఆ గీత డోరు మీద జరుగుతుంది, లేస్తే మళ్ళీ జరుగుతుంది. అది డోరు హ్యాండిల్ కిందున్న మడతతో సరిగ్గా కలిసే ఎత్తు దొరికేదాకా మెల్లగా వంగుతూ లేస్తూ చూడండి. ఆ ఒక్క సర్దుబాటుతో వచ్చే తేడా ఏ ఎడిటింగ్‌తోనూ రాదు. ముదురు రంగు చొక్కా వేసుకుంటే మీ ప్రతిబింబం కూడా సద్దుమణుగుతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఔటర్ రింగ్ రోడ్డు ఊరిస్తుంది. ఆ మెయిన్ రోడ్డు మీద బండి ఆపకూడదు, ఆపితే ప్రాణాలకే ముప్పు. పక్కనున్న సర్వీసు రోడ్డు, ఊరి చివర లేఅవుట్లలో వేసి వదిలేసిన తారు రోడ్లు చాలు.

ఎక్కడ నిలబడాలి, ఏ లెన్స్

కారుకి ముందు మూల నుంచి, అంటే ముందు భాగమూ ఒక పక్కా కలిసి కనిపించేలా తీయడం అలవాటుగా వస్తున్నది. వంపులు ఆ కోణంలోనే తెలుస్తాయి కాబట్టి అది సరైనదే. హెడ్‌లైట్ ఎత్తులో కెమెరా ఉంచండి. స్టీరింగ్‌ని కెమెరా ఉన్న వైపుకి కాకుండా అవతలి వైపుకి తిప్పించండి. అప్పుడు ముందు చక్రం తన ముఖాన్ని మీకు చూపిస్తుంది. ఇటు తిప్పితే అరిగిన టైరు గాడులు కనిపిస్తాయి, అలాయ్ వీల్‌కి పెట్టిన డబ్బు కనబడకుండా పోతుంది.

లారీని కూడా ఇదే కోణంలో తీయాలని పట్టుబట్టడం దగ్గరే నాకు పేచీ. లారీ ముందు భాగం బల్లపరుపు. వెనక తలుపు బల్లపరుపు. పక్కలూ అంతే. సూటిగా ఎదురుగా నిలబడి, రెండు పక్కలా సమానంగా చోటు వదిలి తీస్తే, క్యాబిన్ పైన బోర్డు, అద్దం మీది దేవుడి పేరు, బంపర్‌కి వేలాడే నిమ్మకాయలూ మిరపకాయలూ, రెండు వైపులా నల్ల కుచ్చులు అన్నీ తమ తమ చోట్లలో నిలుస్తాయి. మూల నుంచి తీస్తే లారీ పెద్దదిగా కనిపిస్తుంది నిజమే, కానీ పక్కనున్న రాత అంతా నొక్కుకుపోయి చదవడానికి రాదు. బండి దర్జా కావాలంటే మూల. పెయింటర్ పని కావాలంటే ఎదురు. రెండూ ఒకే ఫ్రేములో రావు.

లెన్స్ ఎంచుకునే ముందు చోటు కొలుచుకోండి. పెద్ద లారీ పొడుగు సుమారు 10 మీటర్లనుకుందాం. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో (పాత ఫిల్మంత పెద్ద సెన్సర్ ఉండేది) 50 ఎంఎం లెన్స్‌తో పక్క మొత్తం పట్టాలంటే కనీసం 14 మీటర్ల దూరం కావాలి, చుట్టూ కాస్త ఖాళీ వదలాలంటే 18. అదే 85 ఎంఎం అయితే 30 మీటర్ల దాకా వెనక్కి వెళ్ళాలి. 4 మీటర్ల కారుకి 85 ఎంఎంతో 12 మీటర్లు చాలు. ఆటోనగర్ సందుల్లో ఇరుపక్కలా బళ్ళు, మధ్యలో గ్యాస్ సిలిండర్లు, ఇనుప పట్టీలు. అక్కడ 18 మీటర్లు దొరకవు. 24 ఎంఎం లెన్స్ పెట్టి దగ్గర నుంచి ఇరికిస్తే క్యాబిన్ ఉబ్బుతుంది, తోక సన్నబడుతుంది. షెడ్డులో వివరాల ఫొటోలు మాత్రం తీసుకుని, మొత్తం బండి ఫొటోని లారీ ఖాళీ యార్డుకో పెట్రోలు బంకు పక్క స్థలానికో వచ్చినప్పటికి వదిలేయడం మేలు.

ఎత్తు విషయంలో కూడా రెండు దారులున్నాయి. మనిషి కంటి ఎత్తు నుంచి కెమెరాని పైకి వంచి తీస్తే లారీ పైభాగం లోపలికి వాలినట్టు కనిపిస్తుంది. వెనక తలుపు మీది చతురస్రం చతురస్రంగానే రావాలంటే ఒక నిచ్చెన తెచ్చుకుని తలుపు నడిమి ఎత్తుకి ఎక్కండి. మరో లారీ మెట్టు మీద నిలబడ్డా సరే. లేదూ, కెమెరాని సమంగా పట్టుకుని వెనక్కి జరిగి, కింద మిగిలిన నేలని తర్వాత కత్తిరించేయండి. ఇక కెమెరా మోకాలి ఎత్తుకి దించితే లారీ కొండలా లేస్తుంది. పోస్టరుకి అది బాగుంటుంది, రాత చదవడానికి పనికిరాదు.

వెనక ఏముండాలన్నదీ ఇలాగే తేల్చుకోవచ్చు. అంగుళం ఖాళీ లేకుండా బొమ్మలున్న లారీ వెనక ఖాళీ ఆకాశమో, గోడౌన్ సున్నం గోడో ఉండాలి. ఒకే రంగు కారు వెనక తుప్పు పట్టిన షట్టరు, రాతి గోడ, పాత మిల్లు ఇటుకలు ఉన్నా కారు నిలబడుతుంది.

పోలరైజర్ ఉండాలా, వద్దా

పోలరైజర్ అంటే లెన్స్ ముందు బిగించి, తిప్పుతూ ప్రతిబింబాల్ని తగ్గించుకునే ఫిల్టర్. కారు తీసేవాళ్ళకి ఇది దాదాపు తప్పనిసరి. లెన్స్ ముందు తిప్పుతూ ఉంటే ముందు అద్దం మీది ఆకాశం తగ్గి లోపలి సీట్లు కనిపిస్తాయి, బానెట్ మీది తెల్లటి పొర పోయి అసలు రంగు బయటపడుతుంది. బదులుగా ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు తింటుంది (ఒక స్టాపు తగ్గడమంటే వెలుతురు సగమవడం). పూర్తిగా తిప్పేయడం పొరపాటు. నల్ల కారు మీద ప్రతిబింబాలన్నీ చంపేస్తే ఆకారమే పోతుంది. సగంలో ఆపండి. లేదా ట్రైపాడ్ మీద రెండు ఫొటోలు తీయండి: ఒకటి అద్దాలకి, ఒకటి డోర్లకి. తర్వాత కలుపుకోవచ్చు.

క్రోమ్ మీద, పాలిష్ చేసిన స్టీల్ బంపర్ మీద పోలరైజర్ పనిచేయదు. ఉత్త లోహం నుంచి వచ్చే మెరుపుని అది ఆపలేదు. పక్క అద్దాలు టఫెన్డ్ గ్లాసు కాబట్టి వాటి మీద చుక్కచుక్కలుగా మచ్చలు తేలొచ్చు. అది అద్దం తయారీలో పడిన ఒత్తిడి, తుడిస్తే పోదు. అలాంటప్పుడు ఫిల్టర్‌ని కొంచెం వెనక్కి తిప్పండి. లారీకి పోలరైజర్ ఉంటే మంచిదే, లేకపోయినా మబ్బు రోజు ఆ పని చేసిపెడుతుంది.

ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి ఎంత వెలుతురు రానివ్వాలన్న దాని గురించి ఒక్క మాట. తెల్ల బండిని కెమెరా బూడిద చేస్తుంది, కాబట్టి ఒక స్టాపు దాకా పెంచాలి. నల్ల బండికి అంతే తగ్గించాలి. లారీల ఎరుపు, నారింజ రంగులతో జాగ్రత్త. మొత్తం ఫొటో బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే ఎరుపు ఒక్కటీ నిండిపోయి, తామర రేకుల మధ్య గీతలు కలిసిపోతాయి. అర స్టాపు తగ్గించి తీసి, హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో వెలుగు ఎంతెంత ఉందో కెమెరా చూపించే గ్రాఫు) ఎరుపు రంగుని విడిగా చూసుకోండి.

రాత్రి: ఫ్లాషా, ట్యూబు లైటా, బండి లైట్లేనా

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. లారీ పక్కకి ఒక పెద్ద ఫ్లాష్ పెట్టి వెలిగించాలనుకుంటారు. ఆ ఫ్లాష్ క్యాబిన్‌కి 2 మీటర్ల దూరంలో, తోకకి 8 మీటర్ల దూరంలో ఉందనుకోండి. దూరం నాలుగు రెట్లయితే వెలుతురు పదహారో వంతుకి పడిపోతుంది, అంటే నాలుగు స్టాపుల తేడా. క్యాబిన్ తెల్లగా కాలిపోతుంది, తోక కనబడదు. ఎంత శక్తిగల ఫ్లాష్ కొన్నా ఈ నిష్పత్తి మారదు. ఫ్లాష్‌ని చాలా దూరం తీసుకెళ్ళి పెట్టడం ఒకటే విరుగుడు, దానికి చోటూ శక్తీ రెండూ కావాలి. కారు మీద ఫ్లాష్‌తో ఇబ్బంది వేరు. లైటు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే డోరు మీద మెరుపుగా కనిపిస్తుంది. చిన్న ఫ్లాష్ అయితే చిన్న తెల్ల చుక్క. స్టూడియోల్లో కారు మీద కారంత పెద్ద తెల్లటి తెర వేలాడదీసేది అందుకే.

చీకట్లో ఎల్‌ఈడీ ట్యూబు పట్టుకుని నడవడం రెండింటికీ మంచి దారి. కెమెరా ట్రైపాడ్ మీద, ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 8, ఎక్స్‌పోజర్ 20 నుంచి 30 సెకన్లు. మీరు నల్ల బట్టలు వేసుకుని, లారీ పక్కనే ఒకే దూరం పాటిస్తూ, ఒకే వేగంతో ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తారు. దూరం మారదు కాబట్టి వెలుతురు మారదు, ఫ్లాష్‌తో వచ్చిన చిక్కు ఇక్కడ రాదు. ట్యూబు వెలుగు బండి వైపే ఉండాలి, కెమెరా వైపు తిరిగితే గీత పడుతుంది. కారుకైతే కారు వెనక నడుస్తూ, ట్యూబుని కెమెరాకి కనబడనంత ఎత్తుగా పైకప్పు మీదుగా తీసుకెళ్ళండి. కప్పు నుంచి బానెట్ దాకా ఒక్క సన్నటి మెరుపు గీత పడుతుంది. ట్రైపాడ్ కదపకుండా పక్కకి ఒకటి, ముందుకి ఒకటి, చక్రాలకి ఒకటి తీసి, ఎడిటింగ్‌లో లైటెన్ మోడ్‌తో (ప్రతి చోటా ఎక్కువ వెలుగున్న ఫొటో భాగాన్నే ఉంచేది) కలిపేస్తే సరి.

అయినా లారీ విషయంలో నా ఎంపిక ఇవేవీ కావు. సంధ్య వెలుగులో బండి సొంత లైట్లు వేయించడమే. క్యాబిన్ పైన వరసగా ఆకుపచ్చ, ఎరుపు, నీలం బల్బులు, పక్కన మార్కర్ లైట్లు, లోపల దేవుడి పటం చుట్టూ వెలుగు. సూర్యుడు దిగిన పది పదిహేను నిమిషాలకి ఆకాశం వెలుగూ ఈ బల్బుల వెలుగూ సమానమవుతాయి, బొమ్మలూ కనిపిస్తాయి, లైట్లూ కనిపిస్తాయి. పూర్తిగా చీకటి పడితే లైట్లు మాత్రమే మిగులుతాయి. పరుగెత్తే లైట్లు, అంటే ఒకదాని తర్వాత ఒకటి వెలిగేవి, ఉన్న బండికి షట్టర్ స్పీడు ముఖ్యం. 1/250 సెకనుకి తీస్తే ఆ క్షణంలో వెలిగినవే పడతాయి, వరసలో పళ్ళు ఊడినట్టుంటుంది. రెండు సెకన్లు ఉంచితే అన్నీ ఒక చుట్టు తిరిగొచ్చి వరస నిండుతుంది. ముందు నేల మీద నాలుగు బకెట్ల నీళ్ళు చల్లిస్తే ఆయిల్ మరకలు కలిసిపోతాయి, రంగులు కిందికి దిగుతాయి.

ఏ రోజు

షెడ్డులోంచి బయటికొచ్చిన రోజు, దసరా రోజు, రోడ్డెక్కి ఏడాదైన తర్వాత ఏదో ఒక రోజు. వీటిలో ఏది? పెయింటర్ తన పని చూపించుకోవడానికి అడిగితే మొదటిదే. అప్పుడు టైర్లు కూడా నల్లగా ఉంటాయి, తలుపు మీద తాళ్ళ రాపిడి ఉండదు. ఓనరు గారు ఇంట్లో పటం కట్టించుకోవడానికి అడిగితే దసరా: బంతిపూల దండలు, అరటి పిలకలు, పసుపు కుంకుమలు, చక్రం కింద నిమ్మకాయ. దండలు బొమ్మల్ని సగం కప్పేస్తాయి కాబట్టి ఆ రోజు రాత కోసం వెతకొద్దు, మనుషుల్ని ఫ్రేములోకి రమ్మనండి. నాకు ఇష్టమైనది మాత్రం మూడోది. టార్పాలిన్ తాడు రాసుకుని ఒక అక్షరం అరిగి ఉంటుంది. డ్రైవరు చెయ్యి రోజూ పట్టే తలుపు పిడి దగ్గర రంగు పోయి ఇనుము మెరుస్తుంటుంది. దాన్ని దగ్గరగా, పక్క ఎండలో తీయండి. ధాబా దగ్గర ఆగిన బండిని తీస్తుంటే "అన్నా, ఒక ఫొటో తీసుకోవచ్చా?" అని డ్రైవర్ని ముందు అడగండి. సరేనంటే తలుపు పక్కన ఆయన్నే నిలబడమనండి. బండి ఎంత పెద్దదో చూసేవాళ్ళకి తెలిసేది మనిషి పక్కనుంటేనే.

ఫోన్ చాలా, కెమెరా కావాలా

పగటి లారీ ఫొటోలకి మంచి ఫోన్ చాలు. ఫోన్ మామూలు కెమెరా 24 నుంచి 26 ఎంఎం లెన్స్‌తో సమానం కాబట్టి కారుని దగ్గర నుంచి తీస్తే బానెట్ ఉబ్బుతుంది. వెనక్కి జరిగి రెండు మూడు రెట్ల జూమ్ లెన్స్ వాడండి. పోర్ట్రెయిట్ మోడ్ జోలికి పోవద్దు, అది సైడ్ మిర్రర్నీ యాంటెనానీ కూడా మసకబార్చేస్తుంది. ట్యూబు లైటు పద్ధతికి, నల్ల కారుకి, పెద్ద ప్రింటుకి మాత్రం కెమెరా కావాలి.

కొనే వరస నన్నడిగితే ముందు గట్టి ట్రైపాడ్. కారులు ఎక్కువ తీసేవాళ్ళయితే తర్వాత పోలరైజర్, లారీలు ఎక్కువైతే దానికి బదులు ఒక మడత నిచ్చెన. ఆ తర్వాత ఎల్‌ఈడీ ట్యూబు. ఫ్లాష్ ఆఖర్న, అదీ చిన్నది, క్యాబిన్ లోపలి కోసం. పగలు క్యాబిన్ లోపల చీకటి, అద్దం బయట మండే ఎండ. రెండూ ఒక ఫ్రేములో రావాలంటే చిన్న ఫ్లాష్‌ని కప్పుకి కొట్టి తీయడమే దారి. కప్పుకి ఎర్ర రెక్సిన్ కుట్టించి ఉంటే దేవుడి పటాలూ సీటు కవర్లూ అన్నీ ఎర్రబడతాయి కాబట్టి, ఒక తెల్ల అట్ట పైన అంటించి దాని మీదికి కొట్టండి.